వైరు బాబాయిగారు

ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక వైరు బాబాయిగారు ఉంటారు. మా కూకట్‌పల్లి ఆయన్నే తీసుకోండి. రిటైరయ్యారు. ఇంట్లో రెండు పడగ్గదులు, ఇద్దరు మనుషులు, నాలుగు కంప్యూటర్లు. అందులో రెండు అమెరికా వెళ్తూ అబ్బాయి వదిలేసినవి. ఆ నాలుగూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని ఈయన పట్టుదల. తనూ పిన్నిగారూ మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు.

వైఫై అంటే ఆయనకి గిట్టదు. "గాల్లో వచ్చింది గాల్లోనే పోతుందిరా అబ్బాయ్" అంటారు. హాల్లో పెట్టిన రౌటర్ సిగ్నల్ రెండు గోడలు దాటి వెనక పడగ్గదికి చేరేసరికి నీరసపడే మాట నిజమే. దానికి వేరే ఉపాయాలు లేకపోలేదు గానీ, వాటిలో డ్రిల్లు పని ఉండదు. గోడకి కన్నం పడని ఉపాయం ఆయన లెక్కలో ఉపాయమే కాదు.

కేబుల్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తారు. కౌంటర్ దగ్గర జేబులోంచి బ్లేడు తీసి తీగ చివర గీకుతారు. లోపల తెల్లగా కనిపించిందా, అయిపోయింది. "ఇది అల్యూమినియం నాయనా, పైన రాగి పూత పూశారు. అసలు రాగిది తియ్." కొట్టు కుర్రాడు నీళ్లు నములుతాడు. అలా కొట్టు కొట్టూ గీకి, చివరికి ఒక క్యాట్ సిక్స్ బాక్సు ఆటోలో వేసుకొస్తారు. అందులో 305 మీటర్ల తీగ ఉంటుంది. ఆ ఇంటికి ఎటు లాగినా అరవై మీటర్లు దాటదు. కావలసినంత కోయించుకోవచ్చు కదండీ అంటే, "మూరల్లెక్కన కొనడానికి మల్లెపూలా?" అంటారు. మిగిలినదాంట్లో కొంత బాల్కనీలో బట్టలారేసే దండెమైంది. మరికొంత చుట్టాలింట్లో శుభకార్యాలకి కానుకగా వెళ్లింది.

ఎలక్ట్రీషియన్‌తో తగువు మామూలే. "అన్నీ ఒకే పైపులో లాగేద్దాం సార్" అంటాడు వాడు. కరెంటు తీగ పక్కన డేటా తీగా! వాడికి ఆరోజు టీ కూడా దక్కదు.

అసలు చూడవలసింది కనెక్టర్ బిగించేటప్పుడు. భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, కళ్లజోడు ముక్కు కొసకి దించి, కేబుల్ తొడుగు ఒలుస్తారు. లోపల ఎనిమిది తీగలు జంటలు జంటలుగా మెలేసుకుని ఉంటాయి. ఆ మెలికలు గోటితో విప్పి, ఒక్కో తీగనీ బొటనవేలి కింద సాగదీసి, "నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, పచ్చ, గోధుమ తెలుపు, గోధుమ" అని సంధ్యావందనం చెప్పుకున్నట్టు చెప్పుకుంటూ వరసలో పెడతారు. పచ్చ జంట మధ్యలోకి నీలం జంట ఎందుకు దూరిందని మాత్రం అడక్కండి, పొద్దుగూకే దాకా వదలరు. చివర్లు సమంగా కత్తిరించి, కనెక్టర్‌లోకి తోసి, వెలుతురుకి ఎత్తి చూసి, క్రింపింగ్ టూల్‌తో టక్కుమని నొక్కుతారు. టెస్టర్‌కి తగిలిస్తే ఒకటి, రెండు, మూడు అంటూ దీపాలు వెలుగుతూ పోయి ఏడో దగ్గర ఎగ్గొడతాయి.

ఉప్మా పళ్లెంతో నిలబడ్డ పిన్నిగారు, "మిగతా ఏడూ వెలిగాయి కదండీ, ఇంక బల్ల ఖాళీ చెయ్యండి" అంటారు.

"నాలుగు జంటలూ సరిగ్గా ఉంటేనే వెయ్యి ఎంబీపీఎస్. ఈ ఒక్క తీగ తేడా వచ్చినా వందకి పడిపోతుంది."

"వంద చాలదా?"

"నలభై జీబీ ఫైలు పంపడానికి వందలో దగ్గర దగ్గర గంట. వెయ్యిలో ఆరు నిమిషాలు!"

ఆ నలభై జీబీ ఫైలు అబ్బాయి పెళ్లి వీడియో. అది ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి ఎన్నిసార్లు ప్రయాణం చేసిందో లెక్కలేదు. ఇంతవరకూ ఎవరూ తెరిచి చూడలేదు.

తమ పెళ్లి తేదీ ఆయనకి పిన్నిగారు గుర్తుచేయాలి. 1973 మే 22 మాత్రం ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. ఆరోజు జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, కంప్యూటర్లని తీగతో కలిపే ఈ ఈథర్నెట్ గురించి తొలి మెమో రాశాడు.

ఒకనాడు ఇంట్లో నెట్ మొత్తం చచ్చిపోయింది. తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ మీద దీపాలన్నీ పూనకం వచ్చి ఒకటే ఆడుతున్నాయి. బాబాయిగారు రౌటర్‌ని తిట్టారు, నెట్ కంపెనీని తిట్టారు, ఎలుకల్ని కూడా తిట్టారు. తీరా చూస్తే, ఒకే తీగ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉన్నాయి. పంపిన మాట తిరిగి తిరిగి అక్కడికే వచ్చి, మళ్లీ బయల్దేరి, ఇంకో మాటకి సందివ్వడం లేదు. "ఓ కొస ఊరికే వేలాడుతుంటే, ఖాళీ కన్నం ఉంది కదాని పెట్టానయ్యగారూ" అంది పనిచేసే అమ్మాయి. కోప్పడతారనుకున్నాం. మురిసిపోయారు! లూప్ అంటే పుస్తకాల్లో చదవడమే తప్ప కళ్లారా చూడలేదట. వారం రోజులు లిఫ్టులో దొరికినవాళ్లందరికీ అదే కథ.

గృహప్రవేశానికి పిలిస్తే వ్రతం పీటల వైపు చూడరు. గోడలు తట్టుకుంటూ గది గదీ తిరుగుతారు. "డేటా పైపులు విడిగా వేయించావా?" వేయించలేదంటే పలకరింపుకి వచ్చినట్టు మొహం పెడతారు.

నవ్వుతాం గానీ, పై అంతస్తు పిల్లకి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉన్నరోజు వైఫై మొరాయిస్తే, ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తింది ఈయనింటికే. గంటసేపు మాట తెగలేదు, బొమ్మ ఆగలేదు. ఆయన చెప్పేదాంట్లో తప్పేమీ లేదు, చెప్పే సమయం ఎక్కువ, అంతే.

మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఇలాంటి బాబాయిగారు ఉండే ఉంటారు. క్రింపింగ్ టూల్ కొనుక్కోకండి, ఆయన్ని అడగండి, కాదనరు. ఆదివారం పొద్దున మాత్రం అడక్కండి. టూల్‌తో పాటు ఆయనా వస్తారు. మధ్యాహ్నం భోజనానికి బియ్యం ఇంకొంచెం పోసుకోవాలి.