నాలుగేళ్ల సుల్తాను, నాలుగు రోడ్ల యువరాజు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఫ్లెక్సీల వెనక మళ్లీ కరెంటు స్తంభం కనబడడం లేదు. నాయకుడి కొడుకు పుట్టినరోజుకు ఈసారి ‘యువనేత’ ఆనలేదు. ఏకంగా ‘యువరాజు’, ‘వారసుడు’. వెనక సింహం, నెత్తిన కిరీటం. రాజరికమంటే అంత మోజున్నవాళ్లు ఆదోనిలో ఉన్న కోట సంగతి కాస్త కనుక్కోవాల్సింది.

1672లో, ఆ కోట చేతిలో ఉన్న బిజాపూరు గద్దె ఎక్కేనాటికి సికందర్ ఆదిల్‌షాకు నాలుగేళ్లు. కిరీటం పిల్లవాడిది, పెత్తనం ఖవాస్‌ఖాన్‌ది. 1675లో ఖవాస్‌ఖాన్‌ను చెరలో వేసి బహ్లోల్‌ఖాన్ ఏలాడు. అతను పోయాక 1678లో ఆ పీట ఎక్కింది ఆదోని సిద్ది మసూద్‌ఖానే. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం ఇచ్చాడని చెప్పుకునే నవాబు. ఆయన హయాంలోనే, 1679లో, సుల్తాను తోడబుట్టిన షహర్‌బానును మొగలుల దగ్గరికి పంపేశారు. 1683లో ఆయన ఈ కొలువొద్దని ఆదోనికి వచ్చేశాడు. 1686లో బిజాపూరు ఔరంగజేబు పాలైంది, రెండేళ్లకు ఆదోనీ పోయింది. సికందర్ 1700లో ఖైదులోనే కన్నుమూశాడు. పద్నాలుగేళ్లు రాజు, పద్నాలుగేళ్లు ఖైదీ. లెక్కలో తేడా లేదు.

ఆ కిరీటం గురించే ఇంకో మాట. విజయనగరంలో సదాశివరాయలకూ కిరీటముండేది. అళియ రామరాయలు ఆయన్ను బందోబస్తులో ఉంచి, ఏడాదికోసారి జనానికి చూపించేవాడు. ఫ్లెక్సీ ఇంకా పుట్టలేదు గనక మనిషినే చూపాల్సి వచ్చింది.

గ్రీకుల మాసిడోనియా ఇంకో ఆకు ఎక్కువే చదివింది. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ పోతే, మతి స్థిమితం లేని సవతి సోదరుడికీ, ఇంకా తల్లి కడుపులో ఉన్న బిడ్డకూ కలిపి రాజ్యం రాశారు. సంరక్షకులు ఒకరి తర్వాత ఒకరు మారారు. చివరికి అధికారం చేజిక్కిన కస్సాండర్ ఆ పిల్లవాణ్ణీ తల్లి రొక్సానానూ చంపించాడు. ఇక్కడా పొత్తిళ్లలోని మనవడి ఫొటో కింద ‘కాబోయే నాయకుడు’ అని వేస్తున్నారు. పాలు మరవని బిడ్డకు కిరీటమేంటి, సిగ్గులేకపోతే సరి!

ఆ ఫ్లెక్సీ కిందే మూటలు పెట్టుకుని గుంటూరు సుగ్గికి, అంటే మిరప కోతల వలసకు, జనం బయల్దేరతారు. బడి మానిన పిల్ల కూడా వాళ్లతోనే. అమ్మ నుంచి ఆ పిల్లకు సంక్రమించేది చేతుల నిండా మిరప మంట. ఎమ్మిగనూరులో మగ్గం గుంతకు వారసుడెవడో ఏ స్తంభానికీ పట్టదు. ఓట్లేసి గెలిపించుకున్న కుర్చీని తాతలనాటి ఇనాం భూమిలా పంచుకుంటుంటే, దండలు మోసేదీ ఆ ఇళ్ల కుర్రాళ్లే. ఒళ్లు మండుతుంది.

పుట్టినరోజు దాటాక ఆ ఫ్లెక్సీ మిరప చేల గట్టున గుడారమవుతుంది. నున్నటి వైపు పైకి వేస్తేనే నీళ్లు జారతాయి. కాబట్టి వానొస్తే ముందు తడిసేది యువరాజే.