ఆపేనాటికి బాగానే నడిచింది

అమెరికాలో పాత కార్వెట్ కారు అమ్మేవాళ్లు అబద్ధాలాడరు. నిజాన్నే కాస్త ముస్తాబు చేస్తారు. ‘ఆపేనాటికి బాగానే నడిచింది’ అన్నారంటే, ఏ ప్రెసిడెంటు హయాంలో ఆపారని అడక్కూడదు. ‘చిన్నాచితకా పనులున్నాయి’ అంటే అవి మన మనవలు పూర్తిచేస్తారు. ‘దీని విలువ నాకు తెలుసు, బేరాల్లేవు’ అంటే అది ఆయనొక్కడికే తెలుసు.

ఈ కారుకి లోపమే సొగసు. 1953లో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో తొలి 300 కార్లు తయారుచేశారు. అన్నీ తెలుపే. పేరుకి స్పోర్ట్స్ కారు, గేర్లు మాత్రం రెండే. తలుపులకి బయట హ్యాండిళ్లు లేవు. చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవాలి. 1963 స్టింగ్ రే మోడల్‌కి జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి బిల్ మిచెల్ వెనకద్దం మధ్యన నిలువు పట్టీ పెట్టించాడు. వెనకేమొస్తోందో కనపడదు మొర్రో అన్నాడు ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్. ఏడాది తిరిగేసరికి పట్టీ ఎగిరిపోయింది. కొందరు ఓనర్లు దాన్ని కోయించి, మామూలు అద్దం వేయించుకున్నారు కూడా. ఇవాళ ఆ పట్టీ ఉన్న కారు కోసమే వేలంలో కొట్టుకుంటున్నారు.

2014లో కెంటకీలోని కార్వెట్ మ్యూజియంలో నేల కుంగి 8 కార్లు గోతిలో పడ్డాయి. మూడింటిని బాగుచేశారు. నుజ్జయిన మిగతావాటిని నుజ్జుగానే ప్రదర్శనకి పెట్టారు. జనం టికెట్ కొని మరీ చూస్తున్నారు.

ఇంత తెలిసీ, మా వీధి చివర పెద్దాయన 1975 కార్వెట్ అమ్ముతున్నాడంటే మా ఆవిడని వెంటబెట్టుకుని వెళ్లాను. 5.7 లీటర్ల వి8 ఇంజను, 165 హార్స్‌పవర్. పిల్లల్ని డ్యాన్సు క్లాసులో దింపే మా వ్యానుకి అంతకన్నా ఎక్కువే ఉంది.

“డిక్కీ తియ్యమనండి” అంది మా ఆవిడ. డిక్కీకి మూతే లేదు. సోనా మసూరి బస్తాని సీటు వెనకనించి లోపలికి తోసుకోవాలి.

పెద్దాయన ఇంజను స్టార్ట్ చేసి లైట్లేశాడు. ఆ లైట్లు ముక్కులో దాక్కుని ఉంటాయి. ఇంజను గాలి పీల్చే బలంతో, రబ్బరు గొట్టాల మీదుగా పైకి లేస్తాయి. కుడిది ఠక్కున లేచింది. ఎడమది సగం లేచి, కాసేపు ఆలోచించి, మళ్లీ పడుకుంది.

“కన్ను కొడుతోందేమిటండీ?” అంది మా ఆవిడ.

తెలుగు రాకపోయినా సంగతి అర్థమైన పెద్దాయన, “క్యారెక్టర్!” అన్నాడు.

“ఆ గొట్టం మార్పించి ఇస్తారా?” అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. “అది ఫ్యాక్టరీలో వేసిన గొట్టం. మారిస్తే కారు విలువ పడిపోదూ?”

పైకప్పు పలకలు రెండూ ఊడదీసి, మళ్లీ బిగించి చూపించాడు. వాటి చుట్టూ ఉన్న రబ్బరు పగిలి, పొట్టు రాలుతోంది. మా ఆవిడ ఆకాశంకేసి చూసింది.

“చినుకులు పడేలా ఉన్నాయి, పదండి. ఆ రబ్బరూ ఫ్యాక్టరీదే అయ్యుంటుంది.”