మీ ఊపిరిది ఏ కేటగిరీ?

రేషన్ కార్డులకు రంగులున్నాయి, రైలు పెట్టెలకు తరగతులున్నాయి. ఊపిరితిత్తులకు మాత్రం ఏ వర్గీకరణా లేకుండానే ఈ దేశం చాలాకాలం నెట్టుకొచ్చింది. ఆ లోటును కేంద్ర పర్యావరణ శాఖ 2021 ఏప్రిల్‌లో పూడ్చింది. వర్గీకరించింది థర్మల్ విద్యుత్ కేంద్రాలనే అని కాగితం మీద ఉంటుంది గానీ, కొలబద్ద చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ప్లాంటుకు పది కిలోమీటర్ల లోపు దేశ రాజధాని ప్రాంతమో, పది లక్షల జనాభా దాటిన నగరమో ఉంటే అది ‘ఏ’ కేటగిరీ. గాలి ఇప్పటికే చెడిపోయిందని సర్కారే ఒప్పుకున్న పట్టణమో, పారిశ్రామికవాడో ఉంటే ‘బీ’. ఇవేవీ లేకుండా ఉత్త ఊళ్లూ, పొలాలూ, చెరువులూ, వాటి పక్కన మనుషులూ ఉంటే ‘సీ’. కాలుష్య పరిమితులు పాటించని వాళ్లకు జరిమానా పట్టిక కూడా అప్పుడే తయారైంది. గడువు దాటిన తొలి ఆరు నెలలకు ‘ఏ’ ప్లాంటు యూనిట్‌కు పది పైసలు కట్టాలన్నారు, ‘బీ’ ఏడు పైసలు, ‘సీ’ ఐదు పైసలు. పల్లెటూరి ఊపిరి ధర పట్నం ఊపిరి ధరలో సరిగ్గా సగమని తేల్చిన తొలి ప్రభుత్వ పత్రం బహుశా ఇదే. వరికి మద్దతు ధర తేల్చడానికి కూడా మనవాళ్లు ఇంత కచ్చితంగా లెక్క కట్టరు.

ఈ లెక్కకు ముందూ వెనుకా కలిపి పదేళ్ల చరిత్ర ఉంది. థర్మల్ కేంద్రాల పొగగొట్టాల నుంచి సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, ధూళి, పాదరసం ఎంతవరకు రావచ్చో పరిమితులు పెడుతూ 2015 డిసెంబరు 7న నోటిఫికేషన్ వచ్చింది. రెండేళ్లలో అందరూ దారికి రావాలన్నారు. సల్ఫర్ డయాక్సైడ్‌ను కడిగే యంత్రం పేరు ఎఫ్‌జీడీ. సున్నపురాయి కలిపిన నీళ్లతో పొగను కడిగితే ఆ వాయువులో తొంభై శాతానికి పైగా జిప్సంగా మారి కిందికి దిగుతుంది. చంద్రయానం కాదిది, దశాబ్దాలుగా ప్రపంచమంతా వాడుతున్న పాత విద్య. అయినా 2017 గడువు 2022కి జరిగింది. 2021లో కేటగిరీల వారీగా 2024 దాకా పాకింది. 2022లో 2026 దాకా, 2024 డిసెంబరు ఆఖరున 2029 దాకా పోయింది. ఇన్నిసార్లు జరిపి అలసిపోయారో ఏమో, 2025 జులైలో ‘సీ’ కేటగిరీకి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితినే ఎత్తేశారు. దేశంలోని ప్లాంట్లలో సుమారు 78 శాతం ఈ కేటగిరీవే. పదకొండు శాతం ఉన్న ‘ఏ’ మాత్రం 2027 ఆఖరుకు యంత్రం పెట్టుకోవాలి. మరో పదకొండు శాతం ఉన్న ‘బీ’ సంగతి ఒక్కో ప్లాంటు వారీగా నిపుణుల కమిటీ చూస్తుంది. అయితే ‘సీ’ని ఊరికే వదిలేశారనుకోకండి, ఓ కఠినమైన షరతు పెట్టారు: పొగగొట్టం ఎత్తు నిబంధన ప్రకారం ఉండాలి! పొగను తగ్గించకపోయినా ఫరవాలేదు, పైనుంచి వదలండి అని దీని సారాంశం. కింద ఉన్నవాళ్లు ‘సీ’ కేటగిరీ కాబట్టి తలెత్తి చూసి తృప్తి పడాలి.

ప్రభుత్వం వాదనను తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు, దానికీ లెక్కలున్నాయి. మన బొగ్గులో బూడిద ఎక్కువే గానీ గంధకం అర శాతం లోపే. ప్లాంట్ల చుట్టూ గాలిని కొలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ పరిమితికి లోబడే కనిపిస్తోంది. యంత్రం పెట్టాలంటే మెగావాట్‌కు సుమారు కోటీ ఇరవై లక్షలవుతుంది, కరెంటు ధర యూనిట్‌కు పాతిక ముప్పై పైసలు పెరుగుతుంది. పైగా సున్నపురాయి వాడితే కొంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, యంత్రం నడపడానికి కొంత కరెంటు పోతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు, ఎటొచ్చీ సగమే ఉంది. గంధకం శాతం తక్కువే, కానీ విద్యుత్ కేంద్రాలు ఏటా కాల్చే బొగ్గు 80 కోట్ల టన్నులు దాటింది. అంత బొగ్గులో అర శాతమంటే ఎంతో చిన్నబడి పిల్లలు కూడా కట్టగలరు. ఇక గాలిలో అది ఎక్కువగా కనబడకపోవడానికి కారణం ఉంది. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఎక్కువసేపు అలాగే ఉండదు. సల్ఫేట్ రేణువులుగా మారి, వందల కిలోమీటర్లు ప్రయాణించి, పీఎం 2.5 అనే మరో పేరుతో మరో ఊళ్లో, మరో పద్దులో నమోదవుతుంది. అది పది కిలోమీటర్ల గీత దగ్గర ఆగి కేటగిరీ అడగదు. ఏ పాతిక ముప్పై పైసల గురించి ఇంత బెంగో ఆ పైసలు టారిఫ్ ఆర్డరులో కనిపిస్తాయి. ఆస్పత్రి బిల్లుకు అందులో గడి లేదు, అందుకే అది చవక. అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. మన బొగ్గు అంత మంచిదైతే ఢిల్లీ పక్కనున్న ప్లాంటుకు మాత్రం యంత్రం దేనికి? బొగ్గూ అదే, బాయిలరూ అదే, రసాయనశాస్త్రమూ అదే. మారిందల్లా పొగ పీల్చేవాడి పిన్ కోడ్.

మరి పది లక్షల మంది లేని చోట పొగ తగ్గడం సాధ్యమేనా అంటే, సాధ్యమేనని మహారాష్ట్రలోని డహాణూ చాలాకాలం కిందటే చూపించింది. ముంబైకి ఉత్తరంగా సముద్రం ఒడ్డున సపోటా తోటలతో, వార్లీ ఆదివాసీ గూడేలతో ఉన్న తాలూకా అది. దాన్ని పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతంగా 1991లో కేంద్రమే ప్రకటించింది. అదే చోట 500 మెగావాట్ల బొగ్గు ప్లాంటు కూడా లేచింది, ఇది మన దేశానికే చెల్లిన సమన్వయం. తోటల రైతులూ, స్థానిక కార్యకర్తలూ కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 1996లో మాజీ న్యాయమూర్తి చంద్రశేఖర్ ధర్మాధికారి అధ్యక్షతన డహాణూ తాలూకా పర్యావరణ పరిరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. పొగ కడిగే యంత్రం పెట్టాలని 1999లో ఆ సంస్థ ఆదేశించింది. కంపెనీ ఏళ్ల తరబడి నాన్చింది. స్థానికులు విచారణలకు హాజరవుతూనే ఉన్నారు. చివరికి 300 కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ కట్టమని సంస్థ పట్టుబట్టాక కంపెనీకి ఇంజనీరింగ్ గుర్తొచ్చింది. 2007లో యంత్రం తిరిగింది. జాతీయ పరిమితులు పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందు, పది కిలోమీటర్లలో ఏ మహానగరమూ లేని చోట ఇది జరిగింది. యంత్రాన్ని మోసుకొచ్చింది జనాభా లెక్క కాదు, వదలకుండా కూర్చున్న జనం.

డహాణూకు సుప్రీంకోర్టు అండ ఉంది, ఓ నిక్కచ్చి జడ్జి దొరికారు, అది అన్నిచోట్లా కుదురుతుందా అని ఎవరైనా అడగొచ్చు. సరైన ప్రశ్నే. ఆ సంస్థను రద్దు చేయమని పర్యావరణ శాఖే 2002లో సుప్రీంకోర్టును వేడుకుంది. పర్యావరణాన్ని కాపాడేవాళ్ల నుంచి పర్యావరణ శాఖను ఎవరు కాపాడాలన్నది రాజ్యాంగంలో రాయని సమస్య. ఆ సంస్థే 2023లో అక్కడి జాలర్లు వద్దు మొర్రో అంటున్న వాఢవణ్ రేవుకు అనుమతి ఇచ్చింది కూడా. అందువల్ల సంస్థను తెచ్చి నిలబెడితే గాలి దానంతటదే బాగుపడుతుందని ఎవరూ భ్రమపడనక్కర్లేదు. డహాణూ చెప్పే పాఠం చిన్నది: ఊరివాళ్లు నేరుగా వెళ్లి అడగగలిగే, గడువు దాటితే డబ్బు పట్టి ఉంచగలిగే సంస్థ ప్లాంటు పక్కనే ఉంటే యంత్రం వస్తుంది. సంస్థ ఢిల్లీలో ఉంటే గడువు వస్తుంది, మళ్లీ గడువు వస్తుంది. దేశంలో యంత్రం పెట్టాల్సిన 537 యూనిట్లలో పదేళ్ల తర్వాత పెట్టినవి ఓ నలభై. ఈ రెండో పద్ధతి ఫలితం అదీ.

మొదటి దారి మూసేస్తే జనం ఏం చేస్తారో శ్రీకాకుళం జిల్లా చూపించింది. సోంపేట దగ్గర బీల అనే తడినేల ఉంది. దాని నీళ్లతో వరి పండుతుంది, దాని చేపలతో ఇళ్లు గడుస్తాయి. కంపెనీ కాగితాల్లో మాత్రం అది పనికిరాని బీడు. అక్కడ 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు అనుమతులు చకచకా వచ్చాయి. రైతులూ మత్స్యకారులూ పర్యావరణ పరిరక్షణ సంఘంగా ఏర్పడి ఎదురు నిలిచారు. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఈ.ఏ.ఎస్. శర్మ లాంటి వారు తోడొచ్చారు. 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అంటే ఉదయం లాఠీలూ తుపాకులూ పట్టుకుని కాపాడిన అనుమతికి సాయంత్రానికి చట్టంలో చోటు లేకుండా పోయింది. జనం చెప్పిందే నిజమని తేలడానికి ప్రాణాలు ఇచ్చుకోవాల్సిన అవసరం ఏమిటన్నది ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న. ఏడాది తిరగకముందే 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లాలో కాకరాపల్లి దగ్గర అంతే సామర్థ్యం ఉన్న మరో ప్లాంటు కోసం అదే కథ, అవే తుపాకులు. ఆ వెంటనే కేంద్రం పనులు ఆపించింది. ఆ రెండు చోట్లా పొగ రాలేదు, ఎఫ్‌జీడీ ఖర్చూ కాలేదు.

ఇక్కడే పట్నం మేధావి కాఫీ కప్పు పక్కన పెట్టి అడ్డు తగులుతాడు. కరెంటు కావాలి గానీ ప్లాంటు వద్దా? సోంపేటలో ఆగిన బొగ్గు మరోచోట కాలింది కదా, దేశానికి ఒరిగిందేమిటి? రెండో ప్రశ్నలో నిజముంది. ప్లాంటు ఆగినంత మాత్రాన దేశంలో పొగ తగ్గదు, ఊరు మారుతుందంతే. అయితే దీని నుంచి రావలసిన నిర్ణయం ఊరివాళ్లను తిట్టమని కాదు. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం, పరవాడ, ముద్దనూరు, కృష్ణపట్నం జనం ఏళ్ల తరబడి ప్లాంట్ల పక్కనే బతుకుతున్నారు, ఇళ్ల మీద పడే బూడిద ఊడ్చుకుంటూనే ఉన్నారు. వాళ్లెవరూ బాయిలర్లు ఆర్పేయమనలేదు. పొగ కడగమన్నారు, బూడిద లారీల మీద పట్టా కప్పమన్నారు. ఆ కడిగే బాధ్యతనే చట్టం నుంచి తీసేస్తే, కొత్త ప్లాంటు రాబోతున్న ఊరికి మిగిలే మాట ఒక్కటే: వద్దు. కడిగిన పొగకూ కడగని పొగకూ మధ్య ఎంచుకోనివ్వకుండా, పొగా లేక పోరాటమా అని అడిగింది సర్కారే. కాబట్టి ఈ దేశంలో థర్మల్ కేంద్రాలు నిరాటంకంగా నడవాలని కోరుకునేవాళ్లే ‘సీ’ కేటగిరీ మినహాయింపును అందరికన్నా ముందు వ్యతిరేకించాలి. పాతిక పైసలు మిగుల్చుకోబోయి ప్లాంటునే పోగొట్టుకోవడం ఏ గణాంకం ప్రకారం పొదుపో విద్యుత్ శాఖ చెప్పాలి.

చివరగా, వాళ్లకేం తెలుసు, వాళ్ల వెనుక ఎవరో ఉన్నారు అనే పాత పాట ఒకటుంది. వాళ్ల వెనుక ఉన్నది ఎవరో కనిపెట్టడానికి నిఘా వర్గాలు అక్కర్లేదు: ముందు చెరువు, వెనుక పొలం. ఇక తెలివి సంగతి అంటారా, బీల బీడు కాదన్న చిన్న విషయం నిపుణుల నివేదికకు తెలియలేదు, నాట్లు వేసే కూలీకి తెలుసు. అలాగని ఊరివాడి మాటే వేదమనీ కాదు. ఊళ్లోనూ కాంట్రాక్టుల కోసం నోరు మూసుకునేవాళ్లుంటారు, పరిహారం పెంచుకోవడానికే కేకలేసేవాళ్లూ ఉంటారు. అందుకే కేకకూ కొలతకూ తేడా తెలియాలి. పొగగొట్టాల్లో నిరంతరం కొలిచే పరికరాలున్నాయి, ఆ అంకెలు కాలుష్య నియంత్రణ మండలికి వెళుతున్నాయి. అవే అంకెలను పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో రోజూ చూపిస్తే ఎవరు అబద్ధమాడుతున్నారో అందరికీ తెలిసిపోతుంది. ప్రతి ప్లాంటుకూ డహాణూ లాంటి స్థానిక సంస్థ, దాని చేతిలో బ్యాంకు గ్యారంటీ, దాని ముందు ఊరివాళ్లకు కుర్చీ ఉండాలి. ఎఫ్‌జీడీ ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాని మొత్తం.

అది వచ్చేదాకా ‘సీ’ కేటగిరీ పాఠకులకు ఒక మనవి. మీ దగ్గర కొత్త ప్లాంటో, పాతదాని విస్తరణో వస్తుంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. వెళ్లండి. ఉద్యోగాలెన్ని అని అడిగే ముందు పొగ ఎప్పటి నుంచి కడుగుతారు, కడగకపోతే ఎంత కడతారు అని అడిగి, జవాబును మినిట్స్‌లో రాయించండి. అనుమతి తప్పనిపిస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేయడానికి ముప్పై రోజులుంటాయి, తగిన కారణం చూపిస్తే మరో అరవై. కంపెనీల గడువు 2017 నుంచి 2029 దాకా సాగింది గానీ, మీ గడువు తొంభయ్యో రోజు దాటితే ఒక్క రోజు కూడా పెరగదు.