బామ్మర్ది ఎంబీఏ

మా బామ్మర్దికి నలభై రెండేళ్లు. బీదర్‌లో సిమెంటు దుకాణం, ఇద్దరు పిల్లలు, షుగరు, అన్నీ ఉన్నాయి. లేనిది డిగ్రీ మీద డిగ్రీ. రెండేళ్ల కింద రియల్ ఎస్టేట్‌లో ఎంబీఏ అని ఆన్‌లైన్లో చేరాడు. ఆదివారం క్లాసు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. మధ్యలో లారీ వస్తే కెమెరా ఆపేసి లుంగీ ఎగ్గట్టుకొని దిగిపోతాడు.

ఈ ఊళ్లో జాగల బేరానికి చదువెందుకు? చాయ్ హోటల్లో పది నిమిషాలు కూర్చుంటే పహాణి, ఖాతా, ఎన్.ఎ. అన్నీ చెవిన పడతాయి. జహీరాబాద్ వైపు పోతే గజాలు, ఇక్కడ చదరపు అడుగులు, రెండు చోట్లా చెల్లేది గుంట. "గుంటకు 121 గజాలు, 1,089 చదరపు అడుగులు" అని వాడు పొద్దున్నే మంత్రంలా చదువుతాడు. మా మామ ఐదో తరగతితోనే అది చెప్పేవాడు, ఫీజు కట్టకుండా.

పెళ్లికి పోతే చేతిలో అక్షింతలుంటాయి, కళ్లు మాత్రం ఫంక్షన్ హాలు కప్పు మీద. ఏడాదిలో ఎన్ని ముహూర్తాలు, ఎన్ని రోజులు ఖాళీ అని లెక్క. పెళ్లికొడుకు తాళి కట్టేసరికి వీడు హాలుకు ధర కట్టేస్తాడు. నా ముప్పై నలభై సైటంటే మరీ ప్రేమ. "బావా, గా పైసలు బ్యాంకుల ఏసి పండుకున్నా ఇంతకంటె మంచిగుంటుండె" అంటాడు, నేను అన్నం కలిపేటప్పుడే. అది కొనమన్నది వాడే! అప్పటికింకా ఎంబీఏలో చేరలేదు కాబట్టి ఆ సలహా లెక్కలోకి రాదట.

అయితే ఒకటి చెప్పాలి. మా గల్లీలో ఒక ముసలమ్మ ఇల్లు అమ్ముతుంటే, ఆమె కాగితాలన్నీ రాత్రి ఒంటిగంట దాకా చదివి, ఒక బిడ్డ సంతకం లేదని పట్టుకున్నాడు. చాయ్ కూడా తాగలేదు. షుగరు అనుకోండి.

మొన్న హైదరాబాద్ చుట్టాలను మహమూద్ గవాన్ మదర్సాకు తీసుకుపోయాం. 1472 నాటి కట్టడం, మూడంతస్తులు. చుట్టాలు మీనారు మీది రంగు పలకలు చూస్తున్నారు. వీడు "205 ఇంటూ 180 అడుగులు, అంటే 34 గుంటలకు కొంచెం తక్కువ" అన్నాడు. ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలి ఒక పక్క కూలిందని చెబితే, "ఇన్సూరెన్స్?" అన్నాడు. దాన్ని కట్టించిన బహమనీ వజీరు గవాన్ చావు మాత్రం వాడిని నిజంగా కలచివేసింది. గిట్టనివాళ్లు ఆయన ముద్ర వేసిన ఖాళీ కాగితం సంపాదించి, శత్రురాజుకు రాసినట్టు ఉత్తరం పుట్టించారు. సుల్తాను 1481లో తల తీయించాడు. "ముద్ర చూసిండు బావా, రాసిందెవరని అడగలే. గంత పెద్ద సుల్తాను, వెరిఫికేషన్ లేదు!" వాడి గొంతు వణికింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు జలదరించింది. నా సైటు కాగితాల మీదున్న ముద్రలు గుర్తొచ్చాయి.

చుట్టాలు ఫొటోలు దిగుతుంటే నేను మెల్లగా గోడ పక్కన అడుగులో అడుగు పెట్టి కొలిచాను. 211 వచ్చింది.

"నీ పాదం చిన్నది బావా" అన్నాడు వెనక నుంచి.

"పాదం కాదురా, గోడే పెద్దది."

చుట్టాలు చాయ్ తాగొచ్చేసరికి మేమిద్దరం ఇంకా కొలుస్తూనే ఉన్నాం.