జేబు కొలతలు

ఐఫోన్ 16 ప్రో మ్యాక్స్ గొప్పదా, గెలాక్సీ ఎస్25 అల్ట్రా గొప్పదా? రెండింటి తెరా 6.9 అంగుళాలే. బరువులో తేడా 9 గ్రాములు. టీ కొట్టు దగ్గర గంటన్నర వాదనకు అది చాలు!

రెండింటికీ టైటానియం చట్రమే. కొన్న పూటే రబ్బరు పౌచ్‌లో దాక్కుంది.

ఒకదానిది 48 మెగాపిక్సెళ్ల కెమెరా, ఇంకోదానిది 200. రెండూ తీసేది ఆధార్ కార్డునే. ఆ ఫొటో వాట్సాప్‌లో పడి నలిగాక ఏది ఏ ఫోనుదో తీసినవాడే చెప్పలేడు.

2007లో తొలి ఐఫోన్ తెర 3.5 అంగుళాలు. ఇప్పుడు దాదాపు రెట్టింపు. చొక్కా జేబే, పాపం, అప్‌డేట్ కాలేదు.

ఏది కొన్నా సరే, ముందు దర్జీని కలవండి.