అప్పుకు చెల్లెలు కావాలి

ఏలినాటి శని వదిలించుకోవడానికి కర్ణాటక, ఆంధ్ర రెండు రాష్ట్రాల జనమూ పావగడ శనిమహాత్మ గుడికి వస్తారు. ఏడున్నరేళ్ళు ఓపిక పడితే ఆయన దిగిపోతాడు. అదే ఊళ్ళో బ్యాంకు మెట్లెక్కి ఉమ్మడి ఇంటి మీద అప్పు తెచ్చినవాడి శని మాత్రం పదిహేనేళ్ళది. ఇది తెచ్చినవాడి నెత్తినే కూర్చుంటుందన్న నమ్మకమూ లేదు. మడకశిరలోనో కల్యాణదుర్గంలోనో తన మానాన తాను కాపురం చేసుకుంటున్న చెల్లెలి నెత్తి కూడా దానికి బాగానే నచ్చుతుంది.

నాయన పోయి ఏళ్ళు గడిచినా ఇంటి ఖాతా నాయన పేరు మీదే ఉంటుంది. వారసుల పేరు మీదికి పౌతి ఖాతాలు చేయించుకోండని కర్ణాటక సర్కారు ఊరూరా చెప్పించినా అన్నగారికి తీరిక దొరకలేదు. ఖాతా మారిస్తే వాటాదారుల పేర్లన్నీ రాయాల్సొస్తుంది మరి. చచ్చిపోయినవాడి పేరైతే సుఖం. వాటా అడగడు, వాదించడు.

ఆ సుఖం అప్పు అవసరం పడేదాకానే. బ్యాంకు వకీలు కాగితాలు తిరగేసి, ఇందులో మీ వాటా ఏ గోడ అని అడుగుతాడు. పంచుకోని ఇంట్లో ప్రతి ఇటుకా అందరిదీ. ఒక్కడి వాటానే తాకట్టు పట్టుకుంటే, రేపు వేలంలో అది పాడుకున్న పరాయివాడు వచ్చి నట్టింట్లో మంచం వేసుకోలేడు. కుటుంబం పంచుకోకుండా కాపురమున్న ఇంట్లో అతనికి ఉమ్మడి స్వాధీనం ఇవ్వనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షనులోనే చెప్పేసింది. పంపకానికి దావా వేశాడా, ఆ వాటాను వెలకట్టించి ఇంటివాళ్ళే కొనేసుకోవడానికి 1893 నాటి పంపకాల చట్టం దారి చూపింది. ఇంత తలనొప్పి ఉన్న వాటాకు ఏ మేనేజరు అప్పిస్తాడు? అందరూ వచ్చి సంతకాలు పెట్టండి, వంశవృక్షం తెండి అంటాడు.

వానలను నమ్ముకుని ఈ తాలూకాలో చెట్టు పెరగడం కష్టమే కానీ, నాడకచేరిలో అర్జీ పెడితే వంశవృక్షం మాత్రం కొమ్మలేస్తుంది. నిన్నటిదాకా మగకొమ్మలే ఉన్న చెట్టుకు ఇవాళ ఆడకొమ్మలు చిగురిస్తాయి. ఉగాదికి రాని ఫోను ఆ సాయంత్రం వస్తుంది. "ఏం పాపా, బాగుండావా? రేషను కార్డు, ఆధారు తీసుకోని ఒక్కపారి వచ్చిపో."

పాపకు ఈ ఇంట్లో వాటా ఉందని చట్టం కనుక్కోవడానికే చాలా కాలం పట్టింది. 1956 వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కూతురికి పాలు ఇచ్చింది. ఇస్తూనే 23వ సెక్షను పెట్టి, కాపురమున్న ఇంటిని మాత్రం మగవాళ్ళు పంచుకోవాలనుకునేదాకా నువ్వు అడగొద్దంది. పక్కనున్న ఆంధ్రలో ఎన్టీఆర్ ప్రభుత్వం కూతుళ్ళను పిత్రార్జితంలో కొడుకులతో సమానం చేశాక, కర్ణాటక 1994లో ఆ బాట పట్టింది. అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. పెళ్ళయినవాళ్ళ సంగతీ ఆ 23వ సెక్షను సంగతీ 2005లో కేంద్రం తేల్చింది. నాయన అప్పటికి బతికుండాలా అన్న కొర్రీ మిగిలితే, వినీతా శర్మ కేసులో అక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత దూరం నడిచొచ్చిన వాటాకు ఇంటి గడప దగ్గర దొరికే వెల ఒక చీర, పసుపు కుంకుమ.

పొలం సంగతీ అంతే. ఇదే తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల ఐదూళ్ళ రైతులు దాదాపు 13,000 ఎకరాలు సోలార్ పార్కుకు గుత్తకిచ్చారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై రెండేళ్ళకొకసారి నూటికి ఐదు పెరిగే గుత్త అది. పహణీలో పేరున్నవాడికే ఆ దుడ్లు. గుత్త వచ్చే రోజు చెల్లెలు అత్తారింటి మనిషి. అప్పు రోజు పుట్టింటి ఆడబిడ్డ. ఆమె ఏ ఇంటి మనిషో తేల్చడానికి గోత్రం చూడనక్కర్లేదు, వచ్చేది గుత్తా పోయేది కంతా అన్నది చూస్తే చాలు.

సంతకానికి అర్థమేమిటో ఆమెకు ఎవరూ చెప్పరు. ఇంట్లో మాట తెలుగు, ఖాతా కన్నడం, అప్పు పత్రం ఇంగ్లీషు. ఇంట్లో ఆమెకు నాలుగో వంతు, అప్పులో మాత్రం మొత్తం. కలిసి బాకీ పడ్డవాళ్ళలో ఎవరో ఒకరి నుంచే అంతా రాబట్టుకోవచ్చని 1872 కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను. కంతులు ఆగితే సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు ఆమె గడపకూ వస్తుంది. సిబిల్ స్కోరు ఆమెదీ పడుతుంది. ఇంటి మరమ్మతు అని రాసి తెచ్చిన దుడ్లు ఏడువందల అడుగుల బోరులోకి దిగి, నీళ్ళు లేవని తెలుసుకుని ఎప్పుడో అక్కడే ఉండిపోయాయి.

2005 చట్టం ఇంకో మంచిపనీ చేసింది. తండ్రి అప్పు తీర్చడం కొడుకు పుణ్యబాధ్యత అన్న పాత సూత్రాన్ని, అప్పట్నుంచి చేసే అప్పులకు తీసేసింది. అన్న అప్పు చెల్లెలు తీర్చాలని ఏ ధర్మశాస్త్రమూ చెప్పినట్టు లేదు. ఆ లోటు బ్యాంకు ఫారం పూడ్చింది.

అన్న తెలివి అంతటితో ఆగదు. అప్పు వచ్చాక రెండో కాగితం తీస్తాడు: హక్కు విడుదల పత్రం. "ఎట్లా ఇల్లు నాదే గదా పాపా, ఇందులోనూ ఒక సంతకం పెట్టేస్తే నీకు లంపటం ఉండదు." పెడితే హక్కు పోతుంది. అప్పు పోదు. దాన్ని విడుదల చెయ్యాల్సింది బ్యాంకు, అన్న కాదు. ఇక ఆమెకు ఇల్లు లేని ఇంటి అప్పు. ఇలాంటి సరుకు అమ్మడానికి బెంగుళూరు బిల్డర్లకు కూడా ఇంకా ధైర్యం చాలలేదు.

ఎప్పుడో ఒక చెల్లెలు బ్యాంకు బల్ల దగ్గర పెన్ను పక్కన పెట్టి అడుగుతుంది.

"అన్నా, అప్పులో నా పేరుంది సరే. దుడ్లలో నా పాలెంత?"

"ఆడపిల్లకి లెక్కలెందుకు పాపా? నీ గౌరవం మేమేం తక్కువ చెయ్యలా. అప్పు ఎక్కువ రావాలని నీకు టైలరింగులో నెలకు పన్నెండు వేలు ఆదాయమని రాయించినాం."

"నాకు మిషనే లేదు గదన్నా."

"సంతకం పెట్టు. అప్పొచ్చినాక కొనిస్తా."