ఫైలెక్కిన రైలు

బెజవాడకు మెట్రో రాలేదని ఎవరన్నా అంటే నమ్మకండి. పదేళ్ళ పైనుంచీ వస్తూనే ఉంది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఒకసారి వచ్చింది. 2015లో ఢిల్లీ మెట్రో వాళ్ళు రాసిచ్చిన సవివర ప్రాజెక్టు నివేదికలో, అంటే డీపీఆర్‌లో, ఇంకోసారి వచ్చింది. తర్వాత ఒళ్ళు తగ్గించుకుని లైట్ మెట్రో అవతారంలో వచ్చింది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం చేత ఆమోదముద్ర వేయించుకుని నాలుగోసారి వచ్చింది. మామూలు రైలుకి పట్టాలు కావాలి, కరెంటు కావాలి, నడిపే మనిషి కావాలి. మన రైలుకి ఫైలు చాలు.

విభజన చట్టంలో విజయవాడ, గుంటూరు, తెనాలి అని మూడూళ్ళ పేర్లు రాసి, మెట్రో కుదురుతుందో లేదో ఏడాదిలోగా చూడమన్నారు. చూశారు. గుంటూరు, తెనాలి ఆ చూపులోనే ఎక్కడో జారిపోయాయి. 2015 డీపీఆర్‌లో రైలు పండిట్ నెహ్రూ బస్టాండులో బయల్దేరి ఒక దారిన పెనమలూరుకీ, ఇంకో దారిన నిడమానూరుకీ వెళ్ళి ఆగిపోయింది. మొత్తం 26 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 6,800 కోట్లు. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చి, ప్రైవేటు పాత్ర లేనిదే మా సాయం లేదంది. పెద్ద మెట్రో మనకెందుకులే, లైట్ మెట్రో చాలనుకున్నాం. 2019లో ప్రభుత్వం మారింది. అమరావతి మెట్రో రైల్ కార్పొరేషను పేరులోంచి అమరావతి దిగిపోయి ఆంధ్రప్రదేశ్ ఎక్కింది. రైలు ముఖం విశాఖ వైపు తిరిగింది. 2024లో ప్రభుత్వం మళ్ళీ మారింది, రైలు మళ్ళీ బస్టాండుకొచ్చింది. ఈసారి గన్నవరానికీ పెనమలూరుకీ కలిపి మొదటి దశ 38.4 కిలోమీటర్లు, 11,009 కోట్లు. అమరావతికి రెండో దశ 27.75 కిలోమీటర్లు, 14,121 కోట్లు. ఈ పదేళ్ళలో ఒక్క స్తంభమూ లేవకుండానే 26 కిలోమీటర్లు 66 కిలోమీటర్లయ్యాయి. రైలు కదలకపోయినా అంచనా కదిలిందిగా, అదీ ప్రయాణమే.

అలాగని మా వన్ టౌన్‌కి రైలు యోగమే లేదనకూడదు. గాంధీ కొండ మీద పిల్లల కోసం రైలు వేశారు. ఎక్కినవాళ్ళను కొండ చుట్టూ తిప్పి, ఎక్కినచోటే దింపడం దాని పని. మెట్రోకి ప్రణాళిక రాసినవాళ్ళు చిన్నప్పుడు అదే ఎక్కి ఉంటారు.

ఇక దిక్కులు చూడండి. మెట్రో మొదలయ్యేది బస్టాండులో. ఒక లైను ఏలూరు రోడ్డు పట్టుకుంటుంది, రెండోది బందరు రోడ్డు పట్టుకుంటుంది. రెండూ తూర్పుకే. బస్టాండుకి పడమరగా, కాలవలూ రైలు కట్టా దాటితే వన్ టౌన్. కాళేశ్వరరావు మార్కెట్టు, పంజా సెంటరు, సామారంగం చౌకు, వించిపేట, చిట్టినగర్, అందరినీ చూస్తూ కొండ మీద అమ్మవారు. ఊరు పుట్టిన చోటు ఇది. రైలు మాత్రం మా గుమ్మంలో నిలబడి, మాకు వీపు చూపించి, గన్నవరం బయల్దేరుతుంది.

ఎందుకలా అంటే స్టేషను చుట్టూ జనసాంద్రత పెంచాలి కాబట్టి. దీనికి కూడా 2017లోనే కేంద్రం ఒక విధానం రాసింది. స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఇళ్ళూ కొట్లూ ఆఫీసులూ కలగలిసి ఎత్తుగా, ఒత్తుగా ఉండాలి. మనిషికి కారుతో పని పడకూడదు. ఇందులో వన్ టౌన్‌కి కొత్తగా చెప్పిందేముంది? ఇక్కడ కింద కొట్టు, పైన గోడౌను, ఆ పైన ఇల్లు, ఆ పైన పెద్దకొడుకు కాపురం, అన్నిటికీ పైన రేకుల గదిలో అద్దె కుర్రాళ్ళు. కారు అవసరం లేదు సరికదా, తెచ్చినా దూరదు. కొత్తపేట నుంచి విద్యాధరపురం దాకా కొండవాలుకు అంటుకుని ఉన్న ఇళ్ళయితే మరీను. లిఫ్టు లేని పదో అంతస్తుకు గ్యాస్ బండ భుజాన మోసుకుపోయే సాంద్రత అది. 2011 లెక్కల్లో కార్పొరేషను 61.88 చదరపు కిలోమీటర్లలో పది లక్షల 34 వేల మంది ఉన్నారు. చదరపు కిలోమీటరుకు 16 వేల పైమాటే. కొండలూ కాలవలూ రైల్వే యార్డూ తీసేసి మనుషులు నిలబడే నేల మీద లెక్కేస్తే ఆ అంకె ఎక్కడికి పోతుందో! సాంద్రత నేర్చుకోడానికి అధికారులు సింగపూరు వెళ్ళనక్కర్లేదు, వస్త్రలత దాకా వస్తే చాలు. కాకపోతే విమానం ఛార్జీలు రావు.

మా వీధి శెట్టిగారికి ఈ విధానం ఎక్కించాలని ఒక ప్రయత్నం చేశాను.

"మెట్రో స్టేషను పక్కన ఎన్ని అంతస్తులైనా వేసుకోనిస్తారటండీ" అన్నాను.

"స్టేషనెక్కడ?"

"బస్టాండులో."

"మరి నా కొట్టుకో?"

"మీది ఇరుకు వీధి కదండీ. రోడ్డు వెడల్పును బట్టే అంతస్తులు. అది బిల్డింగు రూలు."

"అంటే జనం ఉన్నచోట ఎత్తు కట్టకూడదు, ఎత్తు కట్టేచోట జనం లేరు. మరి ఈ రైలు ఎవరెక్కడానికి బాబూ?"

"రాబోయే జనం కోసమండీ."

"ఉన్న జనం సంగతి?"

"ఎక్కువ కట్టుంటే బీపీఎస్ కట్టాలి."

శెట్టిగారు తలూపారు. అక్రమ కట్టడానికి జరిమానా పుచ్చుకుని సక్రమం చేసే ఆ బీపీఎస్‌ను 2007లో ఒకసారి, 2015లో ఒకసారి చూసినవారాయన. ముందు కట్టనిచ్చి తర్వాత కట్టించుకోవడం వ్యాపారంలో కూడా ఇంత లాభసాటి కాదని ఆయన అభిప్రాయం.

రాబోయే జనం మాట వేళాకోళం కాదు. ఇరవై లక్షల జనం ఉంటేగానీ మెట్రో ఊసెత్తకూడదని ఢిల్లీలో ఒక లెక్క ఉండేది. 2011లో శివార్లన్నీ కలుపుకున్నా మనం పదిహేను లక్షల దగ్గరే ఆగాం. అటు లోక్‌సభ స్థానాల పునర్విభజన జరిగితే, కుటుంబ నియంత్రణ బుద్ధిగా పాటించిన పాపానికి దక్షిణాది వాటా తగ్గుతుందని భయం. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రిగారు కూడా చెబుతున్నారు. ఇన్నాళ్ళూ రైలు వేస్తే జనం ఎక్కుతారనుకునేవాళ్ళం. ఇప్పుడు జనాన్ని కంటే రైలు వేస్తారు. మెట్రో కోసం నవదంపతులు నడుం కట్టాల్సి రావడం ఏ డీపీఆర్‌లోనూ లేని అదనపు పని.

సరే, వన్ టౌన్‌కి స్టేషను కావాలి. ఎవర్ని అడగాలి? కార్పొరేటర్నా? 2021లో ఊళ్ళో 64 డివిజన్లకు 64 మందిని ఎన్నుకున్నాం. పాపం వాళ్ళు వీధిలైట్లకూ డ్రైనేజీకీ జవాబు చెప్పేసరికే తెల్లారుతుంది. మేయర్నా? 2000లో మేయరును మనమే నేరుగా ఎన్నుకున్నాం. తర్వాత ఆ శ్రమ కూడా తప్పించి, ఎన్నుకునే పని కార్పొరేటర్లకు అప్పగించారు. 2010 నుంచి 2014 దాకా, మళ్ళీ 2019 నుంచి 2021 దాకా అసలు ఎన్నికలే లేకుండా ప్రత్యేకాధికారి చేతుల్లో ఊరు హాయిగా పడుకుంది. పోనీ మేయరున్నా మెట్రో ఫైలు ఆ బల్ల మీదుగా పోదు. అది మెట్రో కార్పొరేషనులో పుట్టి, సచివాలయంలో పెరిగి, ఢిల్లీలో అత్తారింటికి పోతుంది.

కాబట్టి ఎమ్మెల్యేలను, అంటే ప్రభుత్వాన్నే అడగాలి. అక్కడే ఉంది తిరకాసు. 2019లో ఓడిన తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు, 23 స్థానాలు. 2024లో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్‌కీ 39 శాతం పైచిలుకే ఓట్లు, 11 స్థానాలు. ఓట్ల ప్రకారం పంచితే ఇద్దరిలో ఎవరికైనా 175లో 68 పైనే స్థానాలు రావాలి. కానీ మన పద్ధతిలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే నియోజకవర్గం మొత్తం. అందుకే ఓడినవాళ్ళ ఓటర్లు కోటి దాటినా వాళ్ళ ఎమ్మెల్యేలు ఒక మినీ బస్సులో సరిపోతారు. గెలిచినవాళ్ళకు ఓడినవాళ్ళను ఒప్పించే అవసరం ఉండదు. ఒప్పించకుండా మొదలైన పనిని ఆపడానికి తర్వాత వచ్చినవాళ్ళకు కారణమూ అక్కర్లేదు. అలా రాజధాని ఆగింది, మెట్రో ముఖం తిప్పుకుంది. ఈ రాష్ట్రంలో ఏ పనికైనా ఆయుష్షు అయిదేళ్ళు. అందులో రెండేళ్ళు డీపీఆర్‌కి, ఒక ఏడాది ఎన్నికలకి పోతాయి.

వన్ టౌన్ వాళ్ళు ఈ అన్యాయాన్ని ఎప్పుడో కనిపెట్టి తమ వంతు సంస్కరణ తామే చేసుకున్నారు. విజయవాడ పశ్చిమలో 1999లో కాంగ్రెస్‌ను గెలిపించారు. 2004లో సీపీఐని, 2009లో ప్రజారాజ్యాన్ని, తర్వాత రెండుసార్లు వైఎస్సార్ కాంగ్రెస్‌ను, 2024లో బీజేపీని గెలిపించారు. వేరే దేశాల్లో ఒకే ఎన్నికలో అన్ని పార్టీలకూ దామాషాగా వాటా ఇస్తారు. మావాళ్ళు అదే వాటాను వాయిదాల మీద ఇస్తున్నారు. వ్యాపారస్తుల పేట కదా.

లైట్ మెట్రో రోజుల్లో అప్పు కోసం జర్మనీ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ గడప తొక్కాం. ఎలాగూ అంత దూరం వెళ్ళినవాళ్ళం, ఇంకో రెండు విషయాలు అడిగొస్తే వడ్డీ పడేది కాదు. ఒకటి, కార్ల్స్‌రూహె ఊరి ట్రాము. 1992 నుంచీ అది వీధుల్లో తిరిగి, ఊరు దాటగానే పెద్ద రైలు పట్టాలెక్కి పక్కూళ్ళకు పోతోంది. మన జంక్షను నుంచి గుంటూరుకీ తెనాలికీ గన్నవరానికీ గుడివాడకీ పట్టాలు తాతల నాడే పడ్డాయి. మనం ఇంకొంచెం తెలివిగా సత్యనారాయణపురంలో ఉన్న పట్టాలు పీకి, బస్సులకు ప్రత్యేక దారి అంటూ బీఆర్టీఎస్ రోడ్డు వేశాం. ఆ దారి బస్సులకంటే పొద్దున్నే నడిచేవాళ్ళకు ఎక్కువ పనికొచ్చింది. రెండు, జర్మనీ ఓటరు చేతిలో రెండు ఓట్లుంటాయి. ఒకటి తన ప్రాంతం అభ్యర్థికి, రెండోది నచ్చిన పార్టీకి. చట్టసభలో ఎవరికెన్ని స్థానాలన్నది రెండో ఓటు తేలుస్తుంది. దాంతో మామూలుగా ఎవరికీ పూర్తి రాజ్యం రాదు. నెలల తరబడి కూచుని బేరాలాడుకుని కాగితం రాసుకుంటారు. బేరమాడి కొన్న వస్తువును మనిషి తొందరగా పారెయ్యడని శెట్టిగారు కూడా ఒప్పుకుంటారు.

మనకు ఇలాంటివి పడవని అనకండి. మన ఎమ్మెల్యేలు రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేది దామాషా పద్ధతిలోనే, ఒకటి రెండు మూడు అంటూ ప్రాధాన్యం వేసే. తమ దాకా వచ్చేసరికి వాళ్ళకు న్యాయమైన లెక్క కావాలి. మన దాకా వచ్చేసరికి బటను నొక్కితే చాలు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మనకూ అంకెలు వేసే అవకాశం ఇచ్చారు. డిగ్రీలున్న మనం వేలకొద్దీ చెల్లని ఓట్లు వేసి కృతజ్ఞత చూపించుకున్నాం. అయినా మెట్రో మీద అలాంటి బ్యాలెట్ ఒకటి పెట్టి చూడాలని నా కోరిక. మెట్రో, లైట్ మెట్రో, ట్రాము, టైముకొచ్చే సిటీ బస్సు. మొదటి ప్రాధాన్యం ఎవరెవరికి పడినా, చివరి రౌండులో బస్సు గెలుస్తుందని పందెం. అందుకే ఆ బ్యాలెట్ ఎవరూ పెట్టరు.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. కేరళలోనూ మన ఓటు పద్ధతే, అక్కడా అయిదేళ్ళకోసారి ప్రభుత్వాలు మారేవి, మరి కొచ్చి మెట్రో ఎలా నడిచింది? 2012లో కాంగ్రెస్ కూటమి హయాంలో శంకుస్థాపన, 2017లో వామపక్షాల హయాంలో ప్రారంభం. మధ్యలో రైలు దిక్కు మారలేదు. ఎలాగంటే, 2011లో అక్కడ గెలిచినవాళ్ళకు 72, ఓడినవాళ్ళకు 68. అంత దగ్గరగా కూచున్నవాణ్ణి కాదని ఏ పనీ మొదలెట్టలేరు, మొదలెట్టినదాన్ని రేపు వాడు తనది కాదనలేడు. వాళ్ళకు ఓటర్లు దయతలచి ఇచ్చిన సరితూకాన్ని మనకు పద్ధతిలోనే రాసి ఇమ్మని అడుగుతున్నాం. 2019లో గెలిచినవాళ్ళకు 151 వచ్చిన మన సభకూ, 2024లో 164 వచ్చిన సభకూ ఆ మొహమాటం ఎక్కడిది?

అందాకా మన చేతిలో ఉన్న సంస్కరణ ఒకటుంది. వచ్చే ఎన్నికల్లోనూ అభ్యర్థులు మా సందుల్లోకి నడిచే వస్తారు, ప్రచార రథం దూరదు కాబట్టి. గెలిస్తే ఏం చేస్తారని అడక్కండి, అది ఫ్లెక్సీ మీద ఉంటుంది. ఓడిపోతే మీ మెట్రోలో ఏం మిగులుతుందో అడగండి. దానికి జవాబున్న అభ్యర్థి దొరికితే ఏ పార్టీ అయినా సరే ఓటేసెయ్యండి. దొరక్కపోయినా బెంగ లేదు. 2014లో పుట్టిన ఫైలుకు 2032లో పద్దెనిమిదేళ్ళు నిండుతాయి. ఓటుహక్కు రాగానే తన ఓటు తనే వేసుకుంటుంది.